ప్రమాదాలు: లేవు

అన్నంలో రాయి రావడం అది వారంలో మూడోసారి. బాల్‌రాజ్ నమలడం ఆపి, నాలికతో రాయిని వెతికి తీసి, కంచం అంచున పెట్టి మళ్లీ తినసాగాడు. ఆయన ఏమీ అనలేదు. అనవలసినవి అనడానికి ఆ ఇంట్లో ఆయన తల్లి ఇంద్రమ్మ ఉంది.

"కండ్లు యాడ పెట్టుకోని ఏరినవే బియ్యం?"

అరుణాదేవి చారు గిన్నె పట్టుకుని నిలబడింది. కండ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. కాని కుడికన్ను నడిమధ్యలో మినపగింజంత బూడిదరంగు మచ్చ ఒకటి వచ్చి కూర్చుని మూడు వారాలైంది. చేటలో అనుమానం వచ్చిన గింజ మీద చూపు నిలిపితే ఆ గింజే మాయమవుతుంది. చుట్టూ బియ్యం కనబడతాయి, చేట అంచు కనబడుతుంది, తన వేళ్లు కనబడతాయి. ఏది చూడాలో అది తప్ప అన్నీ కనబడతాయి. ఎడమకన్ను చిన్నప్పటి నుంచీ మందం. ఇన్నాళ్లూ దాని పని కూడా కుడికన్నే చేసిపెట్టేది. ఇంట్లో ఒకరు మూలనపడితే ఇంకొకరు చెప్పకుండా ఆ పని అందుకున్నట్టు. ఇప్పుడు అందుకోవడానికి ఎవరూ లేరు.

"రేపటి నుంచి మల్లొకపారి ఏరుత అత్తమ్మా," అంది.

అది 1980 మార్చి నెల. వికారాబాద్‌లో అప్పుడే ఎండలు ముదురుతున్నాయి.

అరుణాదేవి ఉస్మానియాలో భౌతికశాస్త్రం ఎమ్మెస్సీ చదివింది. ఆరేండ్ల కింద పెండ్లిచూపులకు వచ్చినప్పుడు ఇంద్రమ్మ, "సదువుకున్న పిల్లయితె మావోని కాగితాలు గిట్ట సూసుకుంటది" అని సంబరపడింది. వాళ్లది నవాబుపేట దగ్గర భూములున్న కుటుంబం. బాల్‌రాజ్ ఆ ఇంట్లో మొదటి ఇంజనీరు. హైదరాబాద్‌లో సర్కారు పరిశోధనశాలలో నాలుగేండ్లు పనిచేసి, పైవాళ్లతో పడక రాజీనామా ఇచ్చి, వికారాబాద్ ఇంటి వెనక జొన్నలు పోసుకునే గోదాంలో చిన్న లేజర్ కంపెనీ పెట్టాడు. కిటికీలు లేని గది. చీకటి కావలసిన పనికి సరిగ్గా సరిపోయింది. ఊళ్లో వాళ్లకు లేజర్ అంటే ఏమిటో తెలియదు. కరెంటు బుగ్గలు, అంటే బల్బులు చేసే ఫ్యాక్టరీ అనేవాళ్లు. 1978లో సర్కారు పరిశోధన పథకం కింద ఆ కంపెనీకి నిధులిచ్చింది. వెలుగును పంపి దూరం కొలిచే యంత్రం చేయాలి. వెలుగు పోయి కొండకు తగిలి తిరిగొచ్చే లోపు ఎంతసేపు పట్టిందో లెక్కబెడితే దూరం తెలుస్తుంది. యంత్రం పనిచేస్తే ఆ విద్యను ఏదైనా పరిశ్రమకు అప్పగించాలి. ఎవరు ఏం కనిపెట్టారు, ఎట్లా అప్పగించారు, అంతా రికార్డుగా రాసివ్వాలి.

అందులో కరెంటు పని బాల్‌రాజ్‌ది, అద్దాల పని అరుణాదేవిది. ఎవరూ పంచి ఇవ్వలేదు, అట్లా పడిపోయింది. యంత్రంలో వెలుగు పుట్టే గాజుకడ్డీకి అటూ ఇటూ రెండు చిన్న అద్దాలు ఉంటాయి. అవి ఒకదాని ముఖం ఒకటి సూటిగా చూసుకోవాలి. వెంట్రుకవాసి పక్కకు పోయినా వెలుగు పుట్టదు. బాల్‌రాజ్ పావుగంట మరలు తిప్పి, విసుగొచ్చి, "ఇది ఖరాబైంది" అని లేచేవాడు. అంట్లు తోముకుని, చేతులు కొంగుకు తుడుచుకుని అరుణాదేవి వచ్చి ఆ స్టూలు మీద కూర్చునేది. సూదిబెజ్జమంత రంధ్రంలోంచి కుడికన్నుతో చూస్తూ, ఊపిరి బిగబట్టి, మరను అంటీ అంటనట్టు తిప్పేది. పగటి వేడికి కింది ఇనుపపలక సాగుతుందని, అందుకని పొద్దున మరను ఒక పిసరు వదులుగా వదలాలని ఆమెకు వేళ్లు చెప్పాయి. ఆ సంగతి ఏ పుస్తకంలోనూ లేదు. మొదటిసారి అనంతగిరి గుట్ట వైపు గురిపెట్టినప్పుడు డబ్బా మీద అంకె వెలిగింది. బాల్‌రాజ్ కేక పెట్టి బయటికి పరుగెత్తి ఫిట్టర్ కిష్టప్పను కౌగిలించుకున్నాడు. అరుణాదేవి చీకట్లో ఒక్కతే నిలబడి ఆ అంకెను రెండుసార్లు పైకి చదువుకుంది. తర్వాత చాయ్ గ్లాసులు ఏరుకుని ఇంట్లోకి వెళ్లింది.

ఆ ఫిబ్రవరి పదహారున పెద్ద సూర్యగ్రహణం వచ్చింది. ఊరంతా తలుపులు మూసుకుంది. ఇంద్రమ్మ కిటికీలకు దుప్పట్లు కట్టించి, కోడలిని పక్కన కూర్చోబెట్టుకుని, గ్రహణం విడిచేదాకా లేవనివ్వలేదు. సూర్యుడి చుట్టూ వెలుగు కిరీటంలా కనబడే ఘడియ జీవితంలో ఒక్కసారి వస్తుందని, నల్ల గాజులోంచి చూస్తే ఏమీ కాదని అరుణాదేవి బతిమాలింది. "నీ సదువు నీ కాడ పెట్టుకో," అంది అత్త. చదువు తన దగ్గరే పెట్టుకుని కూర్చుంది. బయట కోళ్లు గూటికి చేరిన చప్పుడు మాత్రం విన్నది.

పన్నెండు రోజుల తర్వాత, పొద్దున పదకొండు గంటలకు, గోదాంలో ఆమె రంధ్రానికి కన్ను ఆనించి అద్దం సరిచేస్తోంది. బాల్‌రాజ్ అడ్డగోడ వెనక స్విచ్చు దగ్గర ఉన్నాడు. నల్ల అద్దాలు కంపెనీ మొత్తానికి ఒకటే జత, అవి ఆయన కళ్లకు ఉన్నాయి. గోడ వల్ల ఒకరికొకరు కనబడరు. "అయిందా?" అని ఆయన అడిగేవాడు, "ఆఁ" అని ఆమె పక్కకు జరిగేది, ఆయన నొక్కేవాడు. అదీ పద్ధతి. ఆరోజు ఆయన ఇంకా అడగలేదు. ఇంటి వెనక తలుపు దగ్గర్నుంచి ఇంద్రమ్మ కేకేసింది.

"అరుణా! పాలు పొంగుతున్నయ్!"

"ఆఁ!" అంది అరుణాదేవి.

బాల్‌రాజ్ నొక్కాడు.

వెలుగేమీ కనబడలేదు, ఆ వెలుగు కంటికి కనబడేది కాదు. కన్ను లోపల టప్పుమని చిన్న చప్పుడయింది, ఆవగింజ చిట్లినట్టు. నొప్పి లేదు. ఒక్క క్షణం అంతా పచ్చగా తిరిగి ఆగింది. ఆమె లేచింది, గోడ పట్టుకుని వెనక తలుపుదాకా నడిచింది, పాలు దించింది. పొయ్యి మీద పొంగిన పాలు తుడిచింది. తుడుస్తుంటే గుడ్డ కనబడుతోంది గాని గుడ్డ కింద మరక కనబడలేదు. అప్పుడు పొయ్యి పక్కనే కింద కూర్చుంది.

హైదరాబాద్ కంటి దవాఖానలో డాక్టరు చాలాసేపు చూశాడు. "కంటి వెనక పొర నడుమ కాలిందమ్మా. ఏదైనా గట్టి వెలుగు సూటిగా చూసినవా?"

ఆమె నోరు తెరిచేలోపు బాల్‌రాజ్ అందుకున్నాడు. "గ్రహణం చూసింది డాక్టర్‌సాబ్. వద్దంటె వినలే."

డాక్టరు తల పంకించాడు. గ్రహణం తర్వాత అట్లాంటి వాళ్లు చాలామందే వచ్చారట. "చదువుకున్నోళ్లే గిట్ల చేస్తే ఎట్లమ్మా?" అని చీటీ మీద రాసుకున్నాడు. మందు లేదన్నాడు.

తిరుగు బస్సు మొయినాబాద్ దాటింది. తర్వాత బాల్‌రాజ్ కిటికీ వైపు చూస్తూ చెప్పాడు. "లేజర్ అని చెప్పినమనుకో, ఇన్స్పెక్షన్ కొస్తరు. పథకం బంద్ చేస్తరు. రెండేండ్ల కష్టం మట్టిల కలుస్తది. నేను కావాల్నని చేసిన్నా? నువ్వే ఆఁ అన్నవ్ గద."

అవును, అన్నది. ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచి ఎన్నిసార్లు అన్నదో. అత్తమ్మ పిలిస్తే ఆఁ, మామ ఉన్నన్నాళ్లు ఆయన దగ్గితే ఆఁ, పాలవాడు అరిస్తే ఆఁ, బిడ్డ ఏడిస్తే ఆఁ, అద్దం కుదిరితే ఆఁ. ఒకే నోరు, ఒకే శబ్దం. ఏ ఆఁ ఎవరికో తెలుసుకోవలసిన బాధ్యత పిలిచినవాళ్లకు ఎప్పుడూ లేదు. గోదాంలో ఉన్నప్పుడు కూడా ఆమె ఇంట్లో ఉన్నట్టే లెక్క, ఇంట్లో ఉన్నప్పుడు కూడా గోదాంలో ఉన్నట్టే లెక్క. రెండుచోట్లా ఉండి రెండుచోట్లా లేని మనిషికి ఇట్లా కాక ఇంకెట్లా అవుతుంది? తప్పు తనదేనేమో అని కూడా అనుకుంది. చేవెళ్ల వచ్చేదాకా తన ఆఁని తిప్పి తిప్పి చూసుకుంది. ఒక పిసరు గట్టిగా అన్నదా? పాలు పొంగితే పొంగాయని ఊరుకుంటే పోయేదా?

ఇంటికొచ్చాక గ్రహణం కథ ఇంద్రమ్మ నోట వాడకట్టంతా పాకింది. పరామర్శకు వచ్చిన ప్రతి ఆడమనిషికీ ఆమె చెప్పింది. "మస్తు చెప్పిన వద్దని. దొంగతనంగ తలుపు తీసి చూసింది."

ఒకనాడు వాళ్లు వెళ్లిపోయాక అరుణాదేవి అడిగింది. "అత్తమ్మా, గ్రహణం నాడు మీ పక్కనే కూసున్న గద. మీరు నా చెయ్యి ఇడువనే లేదు."

ఇంద్రమ్మ తమలపాకుకు సున్నం రాస్తూ తలెత్తలేదు. "కూసున్నవ్. ఎవలు కాదన్నరు? మావోని పేరు ఖరాబైతె నీ బతుకు బాగుంటదా బిడ్డా?"

ఆ మాట కోపంగా అనలేదు. ఆ ముసలామె తన బతుకంతా ఏ లెక్క మీద గడిపిందో ఆ లెక్కే చెప్పింది.

పని ఆగలేదు. రెండు నెలలకు అరుణాదేవి మళ్లీ స్టూలు మీద కూర్చుంది, ఎందుకంటే బాల్‌రాజ్ మరలు తిప్పి తిప్పి మూడు అద్దాలు పగలగొట్టాడు. "జర చూడరాదు అరుణా, ఒక్కపారి," అని ఆయన బతిమాలితే కాదనలేకపోయింది. ఈసారి స్విచ్చుపెట్టె తాళంచెవి తన కొంగుకు ముడేసుకుని, ఎడమకన్నుతో నేర్చుకుంది. మందపు కన్నుతో గంటలో అయ్యే పని నాలుగు గంటలు పట్టేది. సాయంత్రానికి తలనొప్పితో వాంతులయ్యేవి.

మరుసటి ఏడు ఢిల్లీ నుంచి, హైదరాబాద్ నుంచి ముగ్గురు అధికారులు యంత్రాన్ని పరీక్షించడానికి వచ్చారు. ముందుగదిలో బాల్‌రాజ్ బొమ్మలు గీసి వివరిస్తున్నాడు. వంటింట్లో అరుణాదేవి సకినాలు కాలుస్తోంది. ఒకాయన అడిగాడు, ఎండలో అద్దాలు కదలవా అని. తర్వాత బాల్‌రాజ్ వంటింట్లోకి వచ్చాడు, "నీళ్లు" అని గట్టిగా అని, గొంతు తగ్గించి, "ఎండకు ఏం జేస్తవ్ నువ్వు?" అన్నాడు. ఆమె నూనెలోంచి జల్లిగరిట తీయకుండానే చెప్పింది. ఆయన నీళ్ల చెంబుతో పాటు జవాబు పట్టుకుపోయాడు. ఇంకో ప్రశ్నకు చక్కెర కావలసి వచ్చింది, మరోదానికి చెంచా. నాలుగోసారి ఆయన గుమ్మంలో నిలబడి ఏ సామాను పేరు చెప్పాలో తోచక చేతులు నలుపుకున్నాడు. ఆమెకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. రెండూ నూనె పొగ మీదికి తోసేసింది.

ఫలహారం పెడుతుంటే వాళ్లలో పెద్దాయన మెచ్చుకున్నాడు. "సార్ అద్దాలు చూసుకుంటరు, మీరు సకినాలు చూసుకుంటరు. పని మంచిగ పంచుకున్నరమ్మా."

బాల్‌రాజ్ అందరికంటే గట్టిగా నవ్వాడు.

1982 చివర్లో యంత్రం పాసైంది. రాళ్ల గనుల్లో దూరాలు కొలవడానికి దాన్ని తయారు చేసి అమ్మేందుకు తాండూరులో నాపరాయి గనులూ పాలిషింగ్ యూనిట్లూ ఉన్న తాజ్ మొహమ్మద్ ముందుకొచ్చాడు. ఇక అప్పగింత రికార్డు రాసివ్వాలి. బాల్‌రాజ్ చెబుతుంటే అరుణాదేవి టైపు మిషన్ మీద ఇంగ్లీషులో కొట్టింది. ముఖ్య పరిశోధకుడు, కె. బాల్‌రాజ్. ఫిట్టర్, కిష్టప్ప. వాచ్‌మన్ మల్లప్ప పేరు కూడా వచ్చింది. కాగితం అంచుదాకా వచ్చి ఆమె వేళ్లు ఆగాయి.

"నా పేరు?"

"ఇంటిమనిషివి గద నువ్వు," అన్నాడు, నిజంగానే ఆశ్చర్యపోతూ. "ఇంటోళ్ల పేరు పెడితే సొంత మనుషులను చూపించి సర్కారును మోసం చేసిండంటరు."

మూడో పేజీలో రక్షణ కళ్లద్దాలు. "సరిపడా ఉన్నవి," అన్నాడు. దాని కింద ప్రమాదాలు. "లేవు," అన్నాడు.

"ఒకటి అని కొడుతున్న."

బాల్‌రాజ్ లేచి వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. మెత్తగానే చెప్పాడు. "అరుణా, సోచాయించు జర. పనిచేసినోళ్లల్ల నీ పేరే లేదు. పనిచేయని మనిషికి పనిల ప్రమాదం ఎట్లయితది? కాగితం ఎవడన్న నమ్ముతడా?"

మొదటి పేజీలో లేని మనిషి మూడో పేజీలో ఎక్కడినుంచి ఊడిపడుతుంది? కాదని లేచి వెళ్లిపోతే ఎక్కడికి పోవాలి? పుట్టింట్లో అన్నావదినల రాజ్యం. బిడ్డకు ఏడేండ్లు. సగం చూపుతో ఏ బడిలో పంతులమ్మగా తీసుకుంటారు? ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడ్డాయి, ఆమె వేళ్ల మీద బరువుపెట్టాయి. ఇంగ్లీషులో లేవు అనడానికి నిల్ అని మూడే అక్షరాలు. కొట్టింది. మూడు దెబ్బలు ఇంట్లో గట్టిగా వినబడ్డట్టు తోచింది. వరండాలో ఇంద్రమ్మ పత్తి నుంచి వత్తులు తీస్తూనే ఉంది.

ఆ చలికాలం పొద్దుటి ప్యాసింజర్‌లో ఆమెను బాల్‌రాజ్ తాండూరు తీసుకెళ్లాడు. అద్దాల పని నేర్పాలి, అది ఆయనకు రాదు. తాజ్ మొహమ్మద్‌కు మాత్రం, "మా ఇంటామె. ఆడపిల్లలున్న కాడ ఆడమనిషి ఉంటె మంచిదని తోల్కొచ్చిన," అని పరిచయం చేశాడు. రాళ్లు కోసే షెడ్డు పక్కన కొత్త గది. గోడల మీద, బెంచీల మీద, బయట చెట్ల ఆకుల మీద బూడిదరంగు రాయిదుమ్ము. ఎనిమిది మంది అమ్మాయిలు చాపల మీద కూర్చున్నారు. ఇంతకుముందు పాలిష్ రాళ్లు కడిగినవాళ్లు. కొందరు ఉర్దూలో, కొందరు కన్నడంలో గుసగుసలాడుకుంటున్నారు. "ఆడోళ్లకు ఓపికెక్కువ, చేతులు నాజూగ్గ ఉంటయి, అందుకే వీళ్లను పెట్టుమన్న," అన్నాడు బాల్‌రాజ్. గదిలో నల్ల అద్దాలు ఒకటే జత. స్విచ్చు దగ్గర కొక్కేనికి వేలాడుతున్నాయి.

రికార్డు చేతికిచ్చి, పిల్లలకు తెలుగులో చదివి చెప్పమన్నాడు. అరుణాదేవి చదివింది. యంత్రం ఏమిటి, ఏ భాగం ఏం చేస్తుంది, దుమ్ము ఎట్లా తుడవాలి. ముందు వరసలో సైరా అనే అమ్మాయి, పద్దెనిమిదేండ్లుంటాయేమో, ప్రతి మాటకూ తలూపుతూ కళ్లు విప్పార్చి వింటోంది. మంచి కళ్లు. ఎక్కడ కూర్చోబెడతారో అరుణాదేవికి తెలుసు. ఎంతసేపు చూడాలో తెలుసు. గోడ వెనక ఎవరుంటారో తెలుసు. మూడో పేజీ తిప్పింది. తను కొట్టిన మూడక్షరాల మీద వేలు పెట్టింది.

"ప్రమాదాలు," అని చదివింది. "ఒకటైంది."

బాల్‌రాజ్ తలెత్తాడు.

"ఎవరికి అక్కా?" అంది సైరా.

"నాకు. మీరు కూసునే జాగల్నే నేను కూసున్న. నా కుడికన్నుల నడుమ చూపు లేదు. అందరికీ నల్ల అద్దాలు లేకుంటె గీ పనిల కూసోవద్దు."

వెనక వరసలో భాగమ్మ అనే అమ్మాయి అనుమానంగా అడిగింది. "గ్రహణం చూసినరని ఇందాక సార్ చెప్పిండు గదమ్మా?"

"గ్రహణం నేను చూడలే. చూడనీయలే."

తాజ్ మొహమ్మద్ చెడ్డవాడు కాదు. పరేషాన్ అయ్యాడు. రికార్డు తీసుకుని ఆ పేజీ తను చదువుకున్నాడు. మళ్లీ చదివాడు. "భాభీ, గీడ లేవు అని ఉంది. సర్కారు మొహర్ గుద్ది ఉంది. నేను కాగితాన్ని నమ్మాల్నా, నోటిమాటనా? అద్దాలు బయటి దేశం నుంచి రావాలె, నెలలు పడ్తయ్. కాగితంల ఖత్రా లేదని ఉన్నంక దేనికోసమని తెప్పించాలె?"

ఆమె తను కొట్టిన అక్షరాలవైపు చూసింది. మందపు ఎడమకన్నుకు కూడా అవి స్పష్టంగానే ఉన్నాయి.

తిరుగు రైల్లో బాల్‌రాజ్ ధారూరు దాకా తిట్టాడు, ఆ తర్వాత మాట్లాడడం మానేశాడు. ఇంట్లో ఆ మౌనం నెల దాటింది. ఇంద్రమ్మ అన్నం ముందు కూర్చుని, "మొగని ఇజ్జత్ బజార్ల పడేసిన ఆడిది," అని గోడతో చెప్పేది. అరుణాదేవి ఆ రోజుల్లోనే ఢిల్లీ ఆఫీసుకు ఉత్తరం రాసింది. తను ఎవరో, నాలుగేండ్లు ఏం పని చేసిందో, ఏ తేదీన ఏమైందో, పాలు పొంగడంతో సహా రాసింది. పోస్టాఫీసుకు తనే నడిచి వెళ్లి రిజిస్టర్ చేయించింది.

జవాబు నలభై రోజులకు వచ్చింది. నాలుగు వాక్యాలు. ఈ పథకంలో ఆ పేరు గల వ్యక్తి ఎవరూ పనిచేసినట్టు రికార్డులో లేదు. ప్రమాదమేదీ నమోదు కాలేదు. కనుక ఈ విషయంలో చేయగలిగింది ఏమీ లేదు. మీ ఉత్తరంపై విచారణ ముగించబడినది.

ఆ కాగితం రెండుసార్లు చదువుకుంది. ఏడుపు రాలేదు. నిజమే రాశారు, రికార్డులో లేదు. సంతకం కింద పెద్ద అధికారి పేరు ఉంది, సకినాలు మెచ్చుకున్నాయన. తనకు చేతులారా వడ్డించిన మనిషి ఒకరు ఉన్నట్టు ఆయనకు కూడా గుర్తులేదు. ఇక తను ఎవరితో చెప్పినా కథ అవుతుంది గాని సాక్ష్యం కాదు.

తరువాతి సోమవారం నుంచి శిక్షణ మొదలుకావాలి. యంత్రాలు తాండూరు చేరాయి. "పొయ్యొద్దాం పా," అన్నాడు బాల్‌రాజ్, నెలన్నర తర్వాత మొదటి మాటగా. "నోరు మూస్కోని చేతి పని చూపియ్యి. అంతే." ఆమె తల దువ్వుకుని, బిడ్డను బడికి పంపి, రైలెక్కింది.

గదిలో అమ్మాయిలు ఐదుగురే ఉన్నారు. ముగ్గురు మానేశారట. సైరా ఉంది. గుమ్మం దగ్గర అరుణాదేవిని ఆపి మెల్లగా చెప్పింది. "మీ మాట నమ్మినక్కా. గని అబ్బాజాన్ గనిల కాలిరిగి పడ్డడు. నేను రాకుంటె ఇంట్ల పొయ్యి ఎట్ల మండుతది?" అరుణాదేవి ఆ పిల్లను తప్పు పట్టలేకపోయింది. పోవడానికి చోటు లేక కూర్చున్నవాళ్లు ఎట్లా ఉంటారో ఆమెకు చెప్పనవసరం లేదు.

కొక్కేనికి అదే ఒక్క జత అద్దాలు. బల్ల మీద యంత్రం మూత తీసి ఉంది. ముందు స్టూలు. తాజ్ మొహమ్మద్, బాల్‌రాజ్, రాళ్ల షెడ్డు నుంచి ఇద్దరు మేస్త్రీలు గోడవారగా నిలబడ్డారు. సైరా వచ్చి స్టూలు మీద కూర్చుని, రంధ్రం వైపు తల వంచబోయింది.

"లే బిడ్డా," అంది అరుణాదేవి.

సైరా లేచింది.

"ఏమైంది మల్ల?" అన్నాడు బాల్‌రాజ్.

ఆమె చేతిసంచీలోంచి ఢిల్లీ ఉత్తరం తీసి, తెలుగు చేసి అందరికీ వినబడేలా చదివింది. సాయంత్రం ఏ ఇంటికి పోవాలో, తలుపు తీస్తారో లేదో, బిడ్డను ఎవరి దగ్గర ఉంచుతారో ఒక్కటీ తెలియదు. ఉత్తరాన్ని మడిచి తాజ్ మొహమ్మద్ చేతిలో పెట్టింది.

"కాగితాన్ని నమ్ముతనన్నరు గద భాయ్. నేనూ నమ్ముతున్న. ఆ పేరు గల మనిషి గీ పనిల లేనే లేదట. లేని మనిషి ఎట్ల నేర్పిస్తది?"

బాల్‌రాజ్ ఏదో అనబోయాడు. తాజ్ మొహమ్మద్ ఉత్తరం వైపు చూసి, యంత్రం వైపు చూసి, ఆయన వైపు తిరిగాడు.

"సహీ బాత్. రికార్డుల మీ పేరే ఉంది సార్. మీరే కూసోని చూపియ్యిండ్రి."

ఐదుగురు అమ్మాయిలు, ఇద్దరు మేస్త్రీలు ఆయన కోసం పక్కకు జరిగి దారిచ్చారు. బాల్‌రాజ్ స్టూలు దాకా వచ్చాడు. మర మీద వేలు పెట్టాడు. అది ఎటు తిప్పాలో తెలియక, అరుణాదేవి ముఖంలోకి చూశాడు.